చూపు లేని బిడ్డకు స్వనిర్ణయము

బొగ్గుగనిలోనికి దిగిన కార్మికుడు పనికి పూనుకొనుటకు ముందు తలపైనున్న రాతికప్పును కడ్డీతో తట్టి చూచును. గట్టిరాయి ఖంగుమని పలుకును. లోపల పగులువారి ఊడిపడుటకు సిద్ధముగా నున్న రాయి డొల్లగా, బీటలువారిన కుండవలె పలుకును. టోపీకి బిగించిన దీపపు వెలుతురులో ఆ రెండును ఒక్కరీతిగనే కనిపించవచ్చును. కన్ను చెప్పలేని భేదమును చెవి చెప్పును. ఆ చెవి మాట నమ్మియే అతడు పని ముగించుకొని క్షేమముగా పైకి వచ్చును. రామగుండము, గోదావరిఖని ప్రాంతములలో ఈ విద్య తెలిసినవారు వీధివీధికిని కలరు.

అట్టి కార్మికుడొకని ఇంటికి మేము గోదావరిఖనిలో ఒక సాయంకాలము వెళ్ళితిమి. చూపులేని పిల్లల చదువును గూర్చి ఒక కార్యక్రమము తయారుచేయుటకై తల్లిదండ్రుల మాటలను ధ్వనిముద్రణ చేసికొనుట మా పని. ఆయన పెద్దకుమారునికి పదునైదేండ్లు. పుట్టుకతోనే చూపు లేదు. ఆశ్రమ పాఠశాలలో చదువుచు సెలవులకు ఇంటికి వచ్చియుండెను. మేము మైకును తండ్రి ముందుంచి, "మీ అబ్బాయి ఏ తరగతి చదువుతున్నాడండీ?" అని అడిగితిమి. "తొమ్మిది సార్" అని ఆయన అనెను. ప్రక్క మంచముపై కూర్చున్న బాలుడు మెల్లగా, "పది, బాపూ. మొన్ననే పదిలకు వచ్చిన" అని సవరించెను.

మేము సిగ్గుపడితిమి. మనుష్యులచేత మాటలాడించుటయే వృత్తిగా నున్నవారము; ఎదుట కూర్చున్న మనిషిని విడిచి, అతనిని గూర్చి మరియొకరిని అడిగితిమి. చూపులేనివారి యెడల లోకము చేయు తప్పులలో ఇది మొదటిది. వైద్యుడు తల్లిని అడుగును: "వాడికి నొప్పి ఎక్కడ?" బట్టల అంగడివాడు తండ్రిని అడుగును: "ఏ రంగు చూపమంటారు?" బస్సు కండక్టరు ప్రక్కవానిని అడుగును: "ఈయన ఎక్కడ దిగాలె?" మైకును జరిపి బాలుని ముందు పెట్టితిమి కాని, తప్పు మాత్రము రికార్డయియే యున్నది. దానిని చెరిపివేయలేదు.

ఇంతలో తల్లి చాయ తెచ్చినది. కుమారుని కప్పులో తానే చక్కెర వేసి, కలిపి, చేతికి అందించినది. "వానికి తీపి ఎక్కువుండాలె సార్" అని నవ్వినది. బాలుడు మాటలాడక త్రాగెను. ఆమె లోనికి వెళ్ళిన తరువాత మాతో, "హాస్టల్ల నాకు చక్కెర తక్కువ అలవాటైంది సార్" అనెను. మరి ఇంటిలో ఏల చెప్పలేదని అడిగితిమి. "అవ్వ ప్రేమతోని వేస్తది. చెప్తే బాధపడ్తదేమో" అనెను. మేము ఆ రాత్రి వ్రాసికొన్న కాగితములలో అన్నిటికంటె పైనున్న మాట ఇది.

స్వనిర్ణయమను పదము మా వార్తలలో పలుమారులు వినబడునదే. దేశములను, జాతులను గూర్చి దానిని పలుకుచుందుము. చాయలో చక్కెర ఎంతయను ప్రశ్నకు అంత పెద్ద మాట ఏల యని శ్రోతలు కొందరు అనుకొనవచ్చును. విద్యాశాస్త్రజ్ఞులు దానిని సరిగా ఈ అర్థముననే వాడుచున్నారు: తన జీవితమున జరుగు సంగతులకు తానే కర్తయై యుండుట. తనకేది ఇష్టమో తెలిసికొనుట, రెండింటిలో ఒకటి ఎన్నుకొనుట, ఒక గురి పెట్టుకొనుట, దానికి దారి వేసికొనుట, తప్పినచో సరిచేసికొనుట, తనకు కావలసినదానిని నోరు విప్పి అడుగుట — ఇవన్నియు అందులోనివే. అమెరికాలో మైకేల్ వెమేయరును ఆయన సహచరులును దీనిని మూడు ప్రశ్నలుగా కూర్చిరి. నా గురి యేమి? నా ప్రణాళిక యేమి? నేను నేర్చుకొన్నదేమి? ఆ ప్రశ్నలు వేయవలసినవాడు విద్యార్థి, ఉపాధ్యాయుడు కాడు. ఆ దేశముననే ఫిల్ హాట్లెన్ అను విద్యావేత్త 1996లో, చూపులేని పిల్లలకు గణితము, సాంఘికశాస్త్రములతోపాటు ప్రత్యేకముగ నేర్పవలసిన విషయములు ఇవియని ఎనిమిదింటిని పేర్కొనెను. బ్రెయిలి మొదలగు పఠనసాధనములు, నడక, ఇంటిపని, నలుగురితో మెలగుట, వృత్తి పరిచయము మున్నగునవి అందులోనివి. స్వనిర్ణయము తరువాత తొమ్మిదవదిగా చేరినది. అది మొదటనే యుండదగినదని మా అభిప్రాయము.

నిర్ణయించుకొనుటను కూడ నేర్పవలెనా, వయస్సుతోపాటు అదే రాదా యని అడుగువారు కలరు. చూపున్న బిడ్డకు చాలవరకు అదే వచ్చును. ఏలయనగా అతడు దినమెల్ల చూచుచుండును. తల్లి కూరగాయల బండి యొద్ద రెండు వంకాయలు తీసి ఒకటి తిరిగి పడవేయుట చూచును. తండ్రి జీతపు డబ్బులో కొంత బియ్యమునకు, కొంత చీటీకి, కొంత ఊరిలోని ముసలివారికి విడదీయుట చూచును. అన్న రెండు చొక్కాలు మంచముపై పరచి ఒకటి తీసికొనుట చూచును. ఎవ్వరును పిలిచి చెప్పకయే, ప్రతి వస్తువు వెనుకను ఒక ఎన్నిక యున్నదని వానికి తెలియును. చూపులేని బిడ్డకు ఈ లోకము పూర్తియైన తరువాత చేతికి వచ్చును. చొక్కా చేతికి వచ్చును. మరియొక చొక్కా యుండెనని తెలియదు. అన్నము పళ్ళెములో వచ్చును; బియ్యము ఏరుట, ఎసరు పెట్టుట, గంజి వార్చుట యను పనులు నడుమ జరిగినవని తెలియదు. బడికి పోవుట, మానుట, ఏ బడికి పోవుట — ఇవి ఇతరుల గొంతులలో తేలిన తరువాత "పద" యను ఒక్క మాటగా చెవిని పడును. ఎన్నుకొనునది ఒకటి యున్నదనియే తెలియనివానిని, ఏమీ ఎన్నుకొనలేడని అందుము.

కావున ఆ ఇండ్లలో మొదటి పాఠము మాటలతో మొదలు కావలెను. జరుగుచున్నదానిని తల్లి పైకి చెప్పుచుండవలెను. "ఈ సొరకాయ ముదిరింది, అందుకే పక్కకు పెట్టిన, ఇది లేతది, గోరు గుచ్చి చూడు" అని వాని చేతికి ఈయవలెను. మూడేండ్ల బిడ్డను కూడ "ఇడ్లీయా, ఉప్మాయా?" అని అడుగవచ్చును. అయితే అడిగినవారు ఆగవలెను. బిడ్డ ఆలోచించునంతలో తల్లి తానే జవాబు చెప్పినచో అడుగకుండుటయే మేలు. ఏదియైన సరే యని బిడ్డ అనినచో, అది వినయమనుకొని మురిసిపోరాదు. కోరుట అలవాటు లేనివారు సాధారణముగా ఆ మాటయే అందురు.

మా కార్మిక మిత్రుని భయము ఇంతకంటె పెద్దది. "ఎట్ల పంపిస్త సార్? రోడ్డు మీద లారీలు రాత్రీ పగలూ నడుస్తనే ఉంటయి. కండ్లున్నోళ్ళకే దిక్కు లేదు" అనెను. ఆ మాటను మేము తేలికగ త్రోసివేయము. రాజీవ్ రహదారి ఆ ఊరి నడుమగా పోవుచున్నది. బొగ్గు లారీలు, సిమెంటు లారీలు, బస్సులు ఎడతెగవు. కాలిబాట యున్నచోట దానిపై బండ్లు నిలిపియుందురు. మూతలేని మోరీలు కలవు. ఇట్టిచోట చూపులేని కుమారుని వీధి చివరి దుకాణమునకు పంపని తండ్రిని పిరికివాడని ఎవరనగలరు?

అయితే ఆయననే మేము ఒక ప్రశ్న అడిగితిమి. గనిలోనికి మొదటి దినము మీరెట్లు దిగితిరి? ఆయన ఉత్సాహముతో చెప్పసాగెను. చేరగానే ఎవ్వరును తిన్నగా లోపలికి పంపలేదు. ముందు శిక్షణ కేంద్రమునకు పంపిరి. దీపము పట్టుకొనుట, గాలి దారులు, గంటల సంకేతములు, ఏ చప్పుడు విన్నచో వెనుకకు పరుగెత్తవలెనో — అన్నియు నేర్పిన తరువాత, పాతవాని వెంట దింపిరి. ఇది ఒక సంస్థ దయకొలది చేయునది గాదు. 1966 నాటి గనుల వృత్తిశిక్షణ నియమముల ప్రకారము చేయవలసినది. చీకటి యున్నది, కప్పు కూలవచ్చును, కావున ఎవరును దిగరాదని ఈ దేశమున ఎన్నడును నిర్ణయింపలేదు. దిగుటకు నేర్పిరి. చెప్పుచు చెప్పుచు ఆయన ఆగిపోయెను. మేమును మరేమియు అనలేదు.

మరునాటి ఉదయము ఆ మండలపు భవిత కేంద్రములో ప్రత్యేక అవసరముల పిల్లలకు బోధించు ఉపాధ్యాయిని ఒకరు ఆ ఇంటికి వచ్చిరి. వీధి చివరి కిరాణా దుకాణమునకు వెళ్ళివచ్చు పాఠము ఆనాడు నిశ్చయింపబడియుండెను. ఇది ఒక పూట పాఠము గాదనియు, పది పండ్రెండు దినములుగ సిద్ధపరచుచున్నామనియు ఆమె చెప్పిరి. ముందు దినములలో బాలుడు ఆమెతో నడచి దారిలోని గుర్తులు తానే ఏర్పరచుకొనెను. నాలుగు క్వార్టర్లు దాటగానే కుళాయి. అచ్చట నేల తడిగా నుండును. పిమ్మట మోరీపై బండ. ఆ తరువాత కుడివైపు పిండిగిర్ని చప్పుడు. గిర్ని నడువని వేళ పిండి వాసన. గిర్ని దాటిన తరువాత మూడవ గుమ్మము దుకాణము. దుకాణము మూసియున్నచో ఏమి చేయుదువని ఆమె అడిగినప్పుడు బాలుడు చాలసేపు ఆలోచించెనట. జవాబు ఆమె చెప్పలేదు. "ఎదురింటోళ్ళను ఎప్పుడు తెరుస్తరో అడిగి, వాపస్ వస్త" అని తుదకు తానే చెప్పెనట.

తండ్రి ఇరువది అడుగులు వెనుకగా నడువవచ్చును, నోరు మాత్రము విప్పరాదని ఒప్పందము. రాత్రి షిఫ్టు నుండి వచ్చి నిద్రపోకుండ ఆయన చెప్పులు లేకుండగనే బయలుదేరెను, చప్పుడు వినబడునేమోయని. మేమును వెంట నడచితిమి. బాలుడు తెల్లకర్రను ఎడమకు కుడికి అర్ధచంద్రముగా త్రిప్పుచు, తట్టుచు పోయెను. కుడికాలు ముందు పడునప్పుడు కర్ర ఎడమవైపునను, ఎడమకాలు పడునప్పుడు కుడివైపునను నేలను తాకుచుండవలెను; రెండవ ప్రపంచయుద్ధమున చూపు కోల్పోయిన సైనికులకై రిచర్డ్ హూవర్ అనునతడు అమెరికాలోని సైనిక ఆసుపత్రిలో రూపొందించిన పద్ధతి యది. కర్ర పొడవు రొమ్ముటెముక వరకు రావలెను. ముసలివారి చేతికర్ర అందుకు పనికిరాదు.

మోరీ బండపై కర్ర తాకగానే చప్పుడు మారినది. తండ్రి మా భుజముపై చేయి వేసి మెల్లగా, "ఇన్నరా సార్? మోరీ మీద డొల్ల పలికింది. సిమెంటు మీద గట్టిగ పలికింది. మా రూఫు లెక్కనే" అనెను. నోరు విప్పరాదను ఒప్పందము అచ్చట భంగమైనది. ఉపాధ్యాయిని వినియు విననట్లు ఊరకుండిరి.

దుకాణదారు బాలుని పైనుండి దూరముగ నున్న తండ్రిని చూచి, "ఏం గావాల్నట?" అని కనుసైగతో అడిగెను. తండ్రి ఆకాశము వైపు చూచెను. జవాబు రాలేదు గనుక దుకాణదారు తప్పనిసరియై బాలుని వైపు తిరిగెను. "పావుకిలో చాయ్‌పత్త, ఒక సబ్బు" అను ఇంటి పట్టికలో బాలుడు మొదటిది మాత్రము అడిగెను. నోటు ఇచ్చి, చిల్లర లెక్కించుకొని, వచ్చిన దారినే ఇంటికి చేరెను. "సబ్బు మర్చిపోయినవ్‌రా" అని తల్లి అనుచుండగనే తండ్రి లేచి సంచి అందుకొనబోయెను. ఉపాధ్యాయిని చేయి అడ్డము పెట్టిరి. బాలుడు గడపలో నిలువబడి క్షణకాలము ఊరకుండి, మరల కర్ర అందుకొనెను. రెండవమారు ఎవ్వరును వెంట పోలేదు. ఆ పదిహేను నిమిషములు ఆ యింటిలో ఎవ్వరికిని మాట రాలేదు. మాకు మాత్రము వచ్చినదా? లేదు.

మరచిన సబ్బును మరచినవాడే తెచ్చుకొనుట ఈ విద్యలో ముఖ్యమైన భాగము. తప్పు చేయుటకు చోటు లేని బిడ్డకు నిర్ణయము చేయుటకును చోటుండదు. చూపున్న పిల్లలు వేలకొలది చిన్న తప్పులు చేసి పెద్దవారగుదురు. వానిని ఎవ్వరును లెక్కపెట్టరు. చూపులేని బిడ్డ ఒక్కమారు గ్లాసు జారవిడిచినచో, నీళ్ళు పోసికొనుట అనునదే ఇక ఆ బిడ్డ పనులలో నుండి పోవును.

చిల్లర మాట వచ్చినది గనుక డబ్బును గూర్చి కొంత చెప్పవలెను. నోటును పోల్చుకొనలేనివాడు ఎంత చదివినను సంతలో ఇతరుల చేతిలోని వాడే. ఇప్పటి కొత్త వరుస నోట్లలో 100, 200, 500 రూపాయల నోట్లు మూడింటికిని వెడల్పు 66 మిల్లీమీటర్లే. పొడవులు 142, 146, 150. అనగా ఒకదానికిని మరియొకదానికిని 4 మిల్లీమీటర్ల తేడా మాత్రమే. వ్రేలితో తాకి గుర్తించుటకు 100 నోటుపై ఉబ్బెత్తు త్రిభుజము, 500 నోటుపై వృత్తము, 200 నోటుపై ఆంగ్ల అక్షరము హెచ్ ఆకారము కలవు. అంచులందు ఏటవాలు గీతలు 100 నోటుకు 4, 500 నోటుకు 5. నోటు కొత్తదైనప్పుడు ఇవి తెలియును. పది చేతులు మారి, బొగ్గుమసి పట్టి, చెమటకు నానిన నోటుపై ఉబ్బు మిగులదు. రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో 'మణి' అను మొబైలు సాధనమును విడుదల చేసినది. నోటును కెమెరా ముందుంచినచో దాని విలువను పైకి చెప్పును. అదియు మంచిదే. కాని అన్నిటికంటె చవుకైన సాధనము అట్టముక్క. 142 మిల్లీమీటర్ల పొడవున దానిని కత్తిరించి జేబులో ఉంచుకొనిన, నోటును ప్రక్కన పెట్టి కొలిచి చూచుకొనవచ్చును. పిమ్మట ఒక్కొక్క నోటును ఒక్కొక్క విధముగ మడచి పెట్టుకొనుట. ఎట్లు మడచుకొనవలెనో బాలుడే నిర్ణయించుకొనవలెను. ఇంటిలోనివారు ఆ పద్ధతి నేర్చుకొనవలెను.

సహాయము పుచ్చుకొనుటలో కూడ ఇదే సూత్రము. దారిలో మనము సాధారణముగ చూపులేనివాని చేయి పట్టుకొని, ముందుకు నెట్టుకొని పోదుము. ఎక్కడికని అడుగనైనను అడుగము. అవతలివైపునకు పోనక్కరలేనివానిని కూడ రోడ్డు దాటించి పుణ్యము కట్టుకొన్నవారు కలరు. సరియైన పద్ధతి వేరు. అతడు మన మోచేతికి కొంచెము పైభాగమున పట్టుకొని అర అడుగు వెనుకగా నడువవలెను. అప్పుడు మన దేహపు కదలికవలన మెట్టు వచ్చినది, మలుపు వచ్చినది అని అతనికి తెలియును. ఇష్టము లేనప్పుడు చేయి విడిచిపెట్టగలడు. పట్టుకొన్నవాడు అతడై యుండుటలోనే అంతయు కలదు. "మీ మోచెయ్యి ఇవ్వండి, నేను పట్టుకుంటాను" అను వాక్యమును చూపులేని ప్రతి విద్యార్థికిని పాఠముగ వల్లెవేయించవలెనని ఆ ఉపాధ్యాయిని మాతో అనిరి. కోపము, బ్రతిమాలుట రెండును లేని గొంతుతో దానిని అనగలుగుటకు పిల్లలకు నెలలు పట్టునట.

బడిలోను అట్టి వాక్యములే కావలెను. ఉపాధ్యాయుడు నల్లబల్లపై గీచుచు "ఇది ఇక్కడ కలుపుతే అది వస్తది" అని చెప్పుచు పోవును. చూపులేని విద్యార్థికి 'ఇది', 'అది' యను మాటలు శూన్యములు. లేచి, "సార్, రాసేది చదువుకుంటూ రాయండి" అని అడుగుట వాని హక్కు. అడిగిన వెంటనే తరగతి నవ్వునేమోయను భయము వానికి కలదు. పరీక్షలలో వ్రాతసహాయకుని విషయమును ఇట్టిదే. కేంద్రప్రభుత్వపు 2018 నాటి మార్గదర్శకములు గంటకు 20 నిమిషములకు తగ్గకుండ అదనపు సమయమును నిర్దేశించినవి. సమయము లభించును, వ్రాయువానిని నడిపించుట ఎవరు నేర్పుదురు? ప్రశ్నలన్నియు ముందుగ చదివించుకొనుట, ఏది మొదట వ్రాయించవలెనో తేల్చుకొనుట, పేరా ఎక్కడ విరువవలెనో చెప్పుట, వ్రాసినదానిని తిరిగి చదివించుకొనుట — ఇది వ్రాతకంటె కష్టమైన విద్య. పరీక్షనాడు నేర్చుకొనునది గాదు.

తమకు కావలసినది తాము తేల్చుకొన్న చూపులేని విద్యార్థుల కథలలో మాకు మిక్కిలి ఇష్టమైనది ప్యారిస్ నగరములోనిది. లూయీ బ్రెయిలి 1824 నాటికి, పదునైదేండ్ల వయస్సున, ఆరు చుక్కల లిపిని రూపొందించెను. పాఠశాల పెద్దలకు అది నచ్చలేదు. చూపున్నవారు చదువగల ఉబ్బెత్తు అక్షరములే వారికి ముద్దు. 1840 తరువాత కొంతకాలము ఆ లిపిని నిషేధించిరి. విద్యార్థులు రహస్యముగ వ్రాసికొనుచు ఒకరికొకరు నేర్పుకొనిరి. 1844లో పాఠశాల కొత్త భవనపు ప్రారంభసభలో అది అందరియెదుట ప్రదర్శింపబడినది. ఫ్రాన్సు దానిని అంగీకరించినది 1854లో; అప్పటికి బ్రెయిలి మరణించి రెండేండ్లు. ఆ చుక్కలే 1951లో భారతి బ్రెయిలిగా కూర్పబడి నేడు తెలుగునకు కూడ అక్షరములైనవి. వాటిని నిలిపినవారు వాటితో చదువుకొన్న పిల్లలు.

మనలోనే చెప్పవలెనన్న, మచిలీపట్నము ప్రాంతపు సీతారామపురములో పుట్టిన బొల్ల శ్రీకాంత్ గారు కలరు. హైదరాబాదులో పదవ తరగతి ముగించిన పిదప ఆయన విజ్ఞానశాస్త్రము చదువగోరిరి. పటములు, బొమ్మలు చూడలేనివారికి ఆ శాఖ లేదని నియమము అడ్డు వచ్చినది. ఆయన న్యాయస్థానమునకు వెళ్ళి, నెలలకొలది వేచి, అనుమతి తెచ్చుకొనిరి. పన్నెండవ తరగతిలో 98 శాతము మార్కులు వచ్చినవి. పిమ్మట అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో చేరి, 2012లో తిరిగివచ్చి హైదరాబాదులో పరిశ్రమ స్థాపించిరి. ఈ కథను చెప్పువారు మార్కులను, పరిశ్రమను గూర్చి ఎక్కువగ చెప్పుదురు. మాకు పదవ తరగతి ముగిసిన ఆ బాలుడు "నాకిది కావలెను" అనిన నిమిషమే ముఖ్యముగ తోచును. ఆ మాట అనుటకు ముందు తనకేది కావలెనో అతనికి తెలిసియుండవలెను గదా.

ఆడపిల్లల సంగతి ఇంకను బరువైనది. మగపిల్లవానిని వీధి చివరి దుకాణము వరకైన పంపుదురు; ఆడపిల్లకు గడపయే హద్దు. జడ తల్లి వేయును, బట్ట అక్క తెచ్చును, పెండ్లి విషయమున అడుగుటయే లేదు. కాపుదలకని చేయు ఈ పనులన్నియు ఆమెను మరింత నిస్సహాయురాలిని చేయును. అనుదినము ఎవరో ఒకరి చేతులు దేహమును తాకుచుండగ పెరిగిన బిడ్డకు, తాకదగినవారెవరో కానివారెవరో చెప్పి, ఇష్టము లేనప్పుడు గట్టిగ "వద్దు" అనుటను ప్రత్యేకముగ నేర్పవలెను. ఆ మాటను ఆమె ఇంటిలో తల్లితోను, అత్తలతోను అనినప్పుడు వారు ఆగినయెడలనే, బయట అనుటకు ఆమెకు ధైర్యము వచ్చును.

చట్టము ఈ విషయమున కుటుంబములకంటె ముందు నడచినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 13వ విభాగము ప్రకారము, వికలత్వము గలవారు ఇతరులతో సమముగ ఆస్తిని పొందుటకు, అనుభవించుటకు, తమ ధనవ్యవహారములను తామే నడపుకొనుటకు, బ్యాంకు ఋణములు పొందుటకు హక్కు గలవారు. తెలంగాణలో వికలాంగుల పింఛను 2023లో నెలకు రూ.4,016కు పెంచబడినది. ఆ పింఛను వచ్చు ఇండ్లలో పెద్దలను మేము ఒక మాట అడుగుచుందుము: డబ్బు ఎవరి పేర వచ్చుచున్నదో ఆ బిడ్డ చేతికి అందులో ఒక నూరు రూపాయలైనను ఎన్నడైన వచ్చినదా? చాలమంది నవ్వి ఊరకుందురు. కొందరు "వానికేం ఖర్చుంటది?" అందురు.

ఆ కార్మికుని ఇంట ఇంకొక మాట నలుగుచున్నది. ఆయనకు ఊపిరి సరిగ ఆడుటలేదు. ఉద్యోగమునకు పనికిరాడని వైద్యమండలి తేల్చినచో, ఆ స్థానమున కుటుంబములో ఒకరికి పని లభించు పద్ధతి గనులలో కలదు. గనిలో చేరువారికి 1955 నాటి గనుల నియమముల ప్రకారము వైద్యపరీక్ష కలదు. చూపు అందులో ఒక భాగము. కాబట్టి ఆ పని చిన్నకొడుకునకేయని బంధువులందరును ముందే నిశ్చయించిరి. అది తప్పని మేము అనము; అంతకంటె వేరుదారియు కనబడదు. ఆ సంభాషణములు జరుగునప్పుడు పెద్దకొడుకు ఆ గదిలోనే మంచముపై కూర్చుండి విన్నాడు. "నువ్వేమంటవ్ బిడ్డా?" అని ఒక్కరును అడుగలేదు. ధ్వనిముద్రణ నడుమ దానిని చెప్పినది అతడే. "పని తమ్మునికే ఇయ్యండి, నాకేం లేదు. కాని అడగాలె గద బాపూ" అనెను. తండ్రి చాలసేపు మాటలాడలేదు. ఆ నిశ్శబ్దమును కూడ మేము కత్తిరింపలేదు.

మేము సెలవు పుచ్చుకొనుటకు లేచునప్పటికి బాలుడు బ్రెయిలి పలకపై ఏదో గ్రుచ్చుచుండెను. వచ్చు సంవత్సరము ఇంటర్మీడియెటు హైదరాబాదులో చదువవలెనని అతని కోరిక. మంచిర్యాలలోనో, కరీంనగరములోనో, ఎక్కడైన దగ్గరగ నుండవలెనని తల్లి కోరిక. హాస్టలువారిని అడుగవలసిన ప్రశ్నలు వ్రాసికొనుచున్నానని చెప్పి, మేము అడుగగా చదివి వినిపించెను. పుస్తకములు ధ్వనిరూపమున దొరకునా? స్నానపుగదికి గడియ యున్నదా? సెలవు దినమున బయటికి పోవుటకు ఎవరిని అడుగవలెను? చాయలో చక్కెర వారు కలిపి ఇత్తురా, విడిగ ఇత్తురా?

నాలుగవది విని తల్లి, "అదేందిరా?" అనినది. బాలుడు కొంచెము తడబడి, "నాకు తక్కువ గావాలె అవ్వా. ఇంట్ల గూడ" అనెను. ఆమె ఒక క్షణము వాని వైపు చూచి, "ఇన్నిరోజులు చెప్పొద్దారా మరి" అని గొణుగుచు వంటయింటిలోనికి పోయినది. హైదరాబాదు విషయము మేము వచ్చునప్పటికి తేలలేదు.